ఉపవాసమున్న చేపకు ఏ ఎర?

చేపకు ఏది ఇష్టమో తెలిసికొని దానినే గాలానికి గుచ్చవలెనన్నది మన ఏటిగట్లపై పెరిగిన వారందరూ ఎరిగిన సూత్రము. బొచ్చెకు పిండిముద్ద, జెల్లకు వానపాము, కొర్రమీనుకు కప్పపిల్ల. ఆకలి ఉన్నచోట ఎర పని చేస్తుంది. స్కాట్లండు నదులలోని సాల్మన్ చేప దగ్గర ఈ సూత్రము చెల్లదు. సముద్రమును విడిచి మంచినీటిలో ప్రవేశించిన నాటి నుండి గుడ్లు పెట్టే దినము వరకు అది ఆహారము ముట్టదు. వసంతములో నదిలోకి వచ్చిన చేప కార్తీక మార్గశిరముల వరకు, అంటే ఆరేడు నెలలు, ఒంటిలోని కొవ్వును కరిగించుకొంటూ ఎదురీదుతుంది. దాని జీర్ణకోశము కూడ ముడుచుకొనిపోతుంది. అయినా శతాబ్దాలుగా దానిని గాలముతో పడుతూనే ఉన్నారు. తినని చేపకు ఎర ఎట్లా ఎన్నుకొంటారన్న కుతూహలమే మమ్ములను టే నది గట్టుకు నడిపించినది.

మా ప్రయాణపు అసలు ఉద్దేశము వేరు. జలాశయాలతోను, ఆనకట్టలతోను నిత్యము పని కలిగినవారము కనుక పిట్లాక్రీ ఆనకట్టను, అక్కడి చేపల నిచ్చెనను చూడవలెనని నలుగురము బయలుదేరాము. పిట్లాక్రీ ఉన్నది టమ్మెల్ నదిపై. టమ్మెల్ వచ్చి కలిసేది టే నదిలో. ఆనకట్ట ఎక్కే చేపను చూడబోయే ముందు ఆ చేప ప్రయాణించే దారిని చూడవద్దా అని మాలో ఒకరు అనడముతో డన్‌కెల్డ్ అనే చిన్న ఊరిలో మూడు రోజులు దిగిపోయాము. అది మే నెల మొదటి వారము.

టే నది స్కాట్లండులోకెల్లా పొడవైనది. సుమారు 190 కిలోమీటర్లు. గోదావరిని చూచిన కళ్ళకు ఇది ఒక పెద్ద కాలువ వలె తోస్తుందని చెప్పక తప్పదు. కాని బ్రిటన్ మొత్తములో ఇంతకంటె ఎక్కువ నీటిని సముద్రానికి చేర్చే నది లేదు. డన్‌కెల్డ్ వద్ద గట్టుపై పాత చర్చి, 1809లో టెల్‌ఫర్డ్ కట్టిన రాతివంతెన, చిగురులు వేస్తున్న భూర్జ వృక్షాలు కనిపిస్తాయి. నీటి రంగు మాత్రము విచిత్రము. కొండలపై కుళ్ళిన నాచు పేరుకొన్న నేలల గుండా వచ్చుట వలన పలుచని టీ డికాక్షన్ వలె ఉంటుంది. మురికి కాదు, అడుగు రాళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. ఎర రంగును నిర్ణయించే మొదటి విషయము ఇదేనని తరువాత తెలిసినది.

నది గట్టును భాగాలుగా విభజించి ఒక్కొక్క భాగానికి చేపల వేట హక్కును యజమానులు ఉంచుకొంటారు. ఆ భాగమును కనిపెట్టుకొని ఉండి, వచ్చిన వారికి దారి చూపే మనిషిని గిల్లీ అంటారు. మాకు దొరికిన గిల్లీ అరవై యేండ్లు దాటిన మితభాషి. మేము ఎర సంచి విప్పుతాడని ఎదురు చూస్తుండగా, ఆయన జేబులోనుండి థర్మామీటరు తీసి నీటిలో ముంచాడు. తొమ్మిది డిగ్రీలు. తరువాత గట్టున పాతిన కొలత కర్ర వద్దకు వెళ్ళి నీటి మట్టము చూచాడు. రాత్రికి రాత్రి రెండంగుళాలు తగ్గినది. అప్పుడు గాని ఎరల పెట్టె మూత తీయలేదు. మన ఆపరేటర్లు షిఫ్టు ఆరంభములో రీడింగులు వ్రాసికొన్నట్లే ఉన్నది ఆ వరుస.

ఆయన చెప్పిన దాని సారాంశమిది. ఆకలి లేని చేపకు రుచి చూపి లాభము లేదు. దాని కంటికి అందేటట్లు, దానికి కదలాలనిపించేటంత దగ్గరగా ఏదో ఒకటి దాటిపోవలెను. చల్లని నీటిలో చేప మందముగా ఉంటుంది, అడుగు విడిచి పైకి రాదు. కనుక ఫిబ్రవరి, మార్చి నెలలలో నీరు మూడు నాలుగు డిగ్రీల వద్ద ఉన్నప్పుడు మునిగే దారము, రెండు మూడంగుళాల బరువైన ఎర వాడి, లోతుగా నెమ్మదిగా పోనిస్తారు. నీరు పది డిగ్రీలు దాటితే చేప చురుకెక్కుతుంది. అప్పుడు తేలే దారము, గోరంత ఎర చాలును. ఈ రెండవ పద్ధతికి రూపము ఇచ్చినవాడు ఎ.హెచ్.ఇ. వుడ్. డీ నదిపై కెయిర్న్‌టన్ వద్ద ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో దారమునకు కొవ్వు పూసి తేలించి, చిన్న ఎరతో ఆయన చేపలు పట్టాడు. మేము వెళ్ళిన రోజున తొమ్మిది డిగ్రీలు కనుక గిల్లీ రెంటికీ మధ్య దారి పట్టాడు. కొన మాత్రమే మునిగే దారము, అంగుళమున్నర ఎర.

ఎర అనగానే జీవమున్నదో, మాంసమో అనుకోరాదు. ఇక్కడ ఎక్కువగా వాడేది ఈకలతో, వెంట్రుకలతో గాలానికి కట్టిన బొమ్మ. దీనిని ఫ్లై అంటారు. పేరుకు ఈగ, రూపానికి ఏ ఈగకూ పోలదు. నలుపు, పసుపు, నారింజ కలిసిన విల్లీ గన్, ఎరుపు నారింజ రంగుల ఆలీస్ ష్రింప్, నల్లని స్టోట్స్ టెయిల్ వంటి పేర్లు గిల్లీ నోట మన వంటకాల పేర్ల వలె దొర్లాయి. టీ రంగు నీటిలో, వరద తగ్గుముఖములో నారింజ, పసుపు రంగులు కనిపిస్తాయి. తేట నీటిలో నలుపు మేలు. వర్షాకాలపు వరద నిండుగా పారేటప్పుడు ఏ ఎర వేసినా వృథా. వరద తీయడము మొదలైన మొదటి గంటలే బంగారు గంటలట.

పాతకాలపు ఫ్లైలను చూచినప్పుడు మాకొక వింత ఎదురైనది. విక్టోరియా రాణి నాటి జాక్ స్కాట్ వంటి ఫ్లైలకు రెండు చెంపలపై లక్కచుక్క వలె మెరిసే చిన్న ఈకలుంటాయి. అవి ఎక్కడివో తెలుసునా? మన దక్షిణ భారతపు అడవులలోని బూడిదరంగు అడవికోడి మెడ ఈకలు! ఒకనాడు ఆ కోళ్ళ మెడతోళ్ళు మన దేశము నుండి ఓడలపై ఎగుమతి అయ్యేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన అడవికోడికి రక్షణనిచ్చినది. ఇప్పుడు బ్రిటన్‌లో పెంచిన కోళ్ళ ఈకలనే వాడుతున్నారు. గాలపు కర్రల చరిత్రలోను మన పాత్ర ఉన్నది. చీల్చి అతికిన వెదురు కర్రలకు మొదట్లో కలకత్తా వెదురునే వాడేవారు, తరువాత చైనా వెదురు వచ్చినది. ఇప్పుడు అందరి చేతా ఉన్నది కార్బన్ కర్ర. టే వంటి వెడల్పు నదికి పదిహేనడుగుల కర్రను రెండు చేతులా పట్టుకొంటారు. వెనుక చెట్లుండుట వలన దారమును వెనుకకు విసరక, నీటిపైనే చుట్టగా దొర్లించి ముందుకు విసురుతారు. స్పే నది పేరుతో పిలిచే ఈ విసురు చూడముచ్చటగా ఉంటుంది. మాలో ఇద్దరు ప్రయత్నించారు. ఫలితమును గురించి వారు వ్రాయవద్దన్నారు.

ఈకల ఎరే శ్రేష్ఠమని, తక్కినవన్నీ మొరటువని అక్కడ కొందరి అభిప్రాయము. చరిత్ర దానిని సమర్థించదు. బ్రిటన్‌లో గాలముతో పట్టిన అతిపెద్ద సాల్మన్ బరువు 64 పౌనులు. దానిని 1922 అక్టోబరు 7న ఈ టే నదిలోనే, గ్లెన్‌డెల్విన్ వద్ద, జార్జినా బాలంటైన్ అనే మహిళ పట్టినది. తండ్రి పడవ నడుపుచుండగా రెండు గంటలకు పైగా ఆ చేపతో పెనుగులాడినది. నూరేండ్లు గడిచినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఆనాటి ఎర ఈకల ఫ్లై కాదు. నీటిలో గిరగిర తిరిగేటట్లు అమర్చిన డేస్ అనే చిన్న చేప.

మరి చేపనో, వానపామునో, రొయ్యనో ఇప్పుడెందుకు వద్దంటున్నారు? మేము అడిగిన ప్రశ్నలలో గిల్లీ నిలబడి జవాబు చెప్పినది దీనికొక్కదానికే. వానపామును సాల్మన్ నెమ్మదిగా నోటిలోకి తీసికొని లోపలికి మింగుతుంది. గాలము గొంతులో దిగుతుంది. ఆ చేపను వదిలినా బ్రతకదు. ఫ్లై అయితే పెదవి అంచున, దవడ మూలన గుచ్చుకొంటుంది, నిమిషములో తీసివేయవచ్చును. ముల్లు వెనుక కొక్కెము లేకుండా నొక్కివేసిన గాలమైతే ఇంకా సులభము. అందుచేత అనేక నదులలో వానపాము, రొయ్య నిషిద్ధములు. చేప జనను ఎరగా వాడుట చట్టరీత్యా నేరము. అంటే ఎరను ఎన్నుకొనేటప్పుడు చేప దేనికి పడుతుందన్నది సగము ప్రశ్న మాత్రమే. పడిన చేప మరల ఈదగలదా అన్నది తక్కిన సగము.

దారము విషయములో మా ఊహ తలక్రిందులైనది. సన్నని దారముతో పెద్ద చేపను ఆడించి పట్టుట గొప్ప అని మేము విన్నాము. గిల్లీ అది క్రూరమన్నాడు. సన్నని దారము తెగుతుందన్న భయముతో గంటసేపు ఆడిస్తే చేప అలసి, వదిలిన తరువాత చస్తుంది. పదిహేను, ఇరవై పౌనుల బరువు తాళే నైలాను కట్టి, పది నిమిషాలలో గట్టుకు తెచ్చుట మేలు. వేసవిలో నీరు బాగా వేడెక్కితే గాలమే వేయరాదు.

రెండవ రోజు సాయంకాలము మా ఎదుటనే ఒక వృద్ధుని గాలానికి చేప తగిలినది. తగిలిన వెంటనే ఆయన కర్ర ఎత్తలేదు. ‘దేవుడు రాజును రక్షించుగాక’ అని అనుకొనేంత వ్యవధి ఇచ్చి అప్పుడు బిగించవలెనన్నది అక్కడి పాత పాఠము. తొందరపడితే చేప నోటినుండి ఎరను మనమే లాగివేసినట్లవుతుంది. వెండి పళ్ళెము వలె మెరిసే చేప, పది పౌనులుండవచ్చును. వలను నీటిలోనే ఉంచి, చేపను పైకెత్తకుండా గాలము తీసి, తల ప్రవాహానికి ఎదురుగా ఉండేటట్లు రెండు చేతులా పట్టుకొన్నాడు. ఒక నిమిషము. తోక ఊపి అది వెళ్ళిపోయినది. పుస్తెలమ్మియైనా పులస తినవలెనన్న సామెత పుట్టిన గడ్డనుండి వెళ్ళిన మాకు ఆ దృశ్యము ఒక పట్టాన మింగుడు పడలేదు. మాలోని శాకాహారి ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

లెక్కలు చూచిన తరువాత ఆ వృద్ధుని చేతులు అర్థమయ్యాయి. 2023లో స్కాట్లండు అంతటా గాలానికి తగిలిన సాల్మన్లు 33 వేల చిల్లర. 1952లో లెక్కలు మొదలైన నాటి నుండి అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ సంవత్సరము డిసెంబరులోనే బ్రిటన్ సాల్మన్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము అపాయములో ఉన్న జాతిగా ప్రకటించినది. గాలముతో పట్టిన సాల్మన్‌ను అమ్ముట 2002 నుండి నిషిద్ధము. 2015 నుండి ఏప్రిల్ 1కి ముందు పట్టిన ప్రతి చేపనూ వదిలివేయవలెను. ఇప్పుడు పట్టిన నూటికి తొంభైకి పైగా చేపలు తిరిగి నీటిలోకే పోతున్నాయి.

పిట్లాక్రీ ఆనకట్టను 1947-51 మధ్య నార్త్ ఆఫ్ స్కాట్లండ్ హైడ్రో ఎలక్ట్రిక్ బోర్డు నిర్మించినది. అదీ మన వంటి ప్రభుత్వ రంగ సంస్థయే. 1943లో బోర్డును స్థాపించిన చట్టములోనే చేపల విషయమై సలహా ఇచ్చుటకు ఒక సంఘమును ఏర్పాటు చేశారు. విద్యుత్తు కావలెను, సాల్మన్ పోరాదు అన్న పట్టుదల ఫలితమే 310 మీటర్ల పొడవున మెట్లు మెట్లుగా ఉన్న 34 తొట్ల నిచ్చెన. ఒక తొట్టి నుండి మరొక తొట్టికి చేప ఎగిరి దూకనక్కరలేదు, నీటి అడుగున ఉన్న గొట్టముల గుండా ఈదిపోతుంది. మధ్యమధ్య విశ్రాంతికి పెద్ద తొట్లు మూడు. పైకి పోయిన చేపలను యంత్రము లెక్కిస్తుంది. ఇంజనీరుగా చూస్తే ఇది పెద్ద నిర్మాణమేమీ కాదు. టర్బైనులోకి పోవలసిన నీటిలో కొంత ఏడాది పొడవునా నిచ్చెనకు ఇచ్చుట, ఆ నష్టమును లెక్కలో ముందే వ్రాసికొనుట, అదీ మాకు పెద్దదిగా కనిపించినది.

అక్కడ నిలబడి మేము మాటలాడుకొన్నది మన పులస గురించియే. అదీ సముద్రము విడిచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చే చేపయే. సముద్రములో విలస, గోదావరిలో పులస. అతిసూక్ష్మమైన నాచును, ప్రాణులను వడగట్టుకొని తినే జాతి గనుక గాలానికి ఎర గుచ్చి పట్టేది కాదు. దానికి వలయే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి అయిన నాటి నుండి దాని ప్రయాణము చాలవరకు ధవళేశ్వరము దిగువనే ముగుస్తున్నది. ఆ ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది, అందులో సందేహము లేదు. కాని యేటికేడు పులస ధర పెరుగుచున్నదని మురిసిపోయేవారు, ధర ఎందుకు పెరుగుచున్నదని అడగరు.

వెళ్ళదలచిన వారికి రెండు మాటలు. టే నదిలో గాలము వేసే కాలము జనవరి 15 నుండి అక్టోబరు 15 వరకు. ఆదివారములలో సాల్మన్ వేట చట్టము ఒప్పదు, ఆ రోజును పిట్లాక్రీకి కేటాయించుకోవచ్చును. ఎడింబరో నుండి రైలులో సుమారు రెండు గంటలు. మే, జూన్ నెలలలో వెళితే నిచ్చెన ఎక్కే చేపలు కంటపడే అవకాశము ఎక్కువ. మాకు ఒక గంట నిలబడిన తరువాత ఒకే ఒక్క తోక కనిపించినది.