గమనం లేని దినం

భావనపాడుకు చెందిన ఒక సాధకుడు 2023లో నాలుగు పర్యాయాలు విదేశయానం చేశాడు, ప్రతిదీ వారంలోపే. ఖాట్మండులో పశుపతినాథుని, బ్యాంకాకులో చతుర్ముఖ బ్రహ్మను దర్శించాడు. సింగపూరు గురించి చెప్పుకోదగినది లేదు.

సంవత్సరాంతంలో స్మృతియందు నిలిచినది మాత్రం బాలీ ద్వీపంలో ఏమీ చూడని ఒక్క దినం. మార్చి 22. ఇక్కడ శోభకృత్ ఉగాది. అక్కడ ‘న్యేపి’, శక సంవత్సరారంభ మౌనదినం. అగ్ని, కర్మ, సంచారం, వినోదం నాలుగూ నిషిద్ధం. విమానాలు సైతం ఎగరవు. అతిథికీ మినహాయింపు లేదు, అది మంచిదే. గదిలో నిశ్చలుడైన అతనికి, ఊరిలో ఒంటరిగా ఉగాది పచ్చడి కలుపుకొనే వృద్ధమాత స్ఫురించింది. దర్శనతృష్ణ అనుకొన్నది ఆమె వార్ధక్యం నుండి పలాయనమా? ప్రశ్న అతనిని వదలలేదు.

డిసెంబరులో కొలంబో ప్రయాణం మానుకొన్నాడు. తల్లి కారణం అడగలేదు. “ఉప్పు నిండుకుంది నాయనా, నౌపడ వైపెళ్తే పట్రా” అన్నది.