చప్పుడు చేయని బండి

మా నాయనకు హోసూరులో చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. చప్పుడు విని బండికి ఏం రోగమో చెప్పేస్తాడు. పోయిన వేసవి సెలవుల్లో ఒక హైబ్రిడ్ కారు వచ్చింది. చప్పుడు లేదు కదా, ఆఫ్ చేసి ఉందనుకొని నాయన బానెట్ ఎత్తి లోపల చెయ్యి పెట్టాడు. ఉన్నట్టుండి ఇంజన్ దానంతట అదే స్టార్ట్ అయింది! చెయ్యి వెంటనే లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. "ఇది నాకు తెలియని బండి సార్, షోరూముకే తీసుకుపోండి" అని పంపేశాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

నాకు చాలా బాధ వేసింది. నాయనకు తెలుగు తప్ప వేరే చదవను రాదు. అందుకే మా సైన్సు సారును అడిగి తెలుసుకొని, తెలుగులో నోటుబుక్కులో రాసి, నాయనకు చదివి వినిపించాను.

పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉన్న బండే హైబ్రిడ్. అందులో చాలా రకాలు. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు చిన్నది. ఇంజనుకు సాయం చేస్తుందే గాని ఒంటరిగా బండిని లాగలేదు. సీరీస్ రకంలో చక్రాలను తిప్పేది మోటారే. ఇంజన్ జనరేటర్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తుంది, అంతే. ప్యారలల్ రకంలో జత ఎద్దుల మాదిరి రెండూ కలిసి లాగుతాయి. 1997లో జపానులో అమ్మకానికి వచ్చిన టొయోటా ప్రియస్‌లో ఈ రెండు పద్ధతులూ కలిసి ఉన్నాయి. ప్లగ్-ఇన్ రకానికి బ్యాటరీ పెద్దది, ఇంట్లోనే చార్జ్ పెట్టుకోవచ్చు. మిగతా వాటికి ప్లగ్గే ఉండదు.

"మరి వాటికి కరెంటు ఎక్కడిది పాపా?" అన్నాడు నాయన.

"సైకిల్ డైనమో గుర్తుందా నాయనా? చక్రానికి ఆనిస్తే లైటు వెలుగుతుంది, తొక్కడం బరువవుతుంది. ఇక్కడ బ్రేకు వేస్తే మోటారే డైనమో అయిపోతుంది. బండి నెమ్మదిస్తుంది, బ్యాటరీకి చార్జ్ ఎక్కుతుంది. నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీ తగ్గితే ఇంజన్ తానే లేస్తుంది."

"ఓహో, ఆ రోజు లేచింది అందుకా!" అని నవ్వాడు. కొంచెంసేపు ఆలోచించి, "అయితే బ్రేకు ప్యాడ్లు తొందరగా అరగవు. మనకు ఆ పని తగ్గిపోతుంది" అన్నాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. నాయనకు తట్టింది.

ఇప్పుడు ఆ నోటుబుక్కు షెడ్డులోనే ఉంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాశాను: "చప్పుడు లేదంటే ఆఫ్ అయినట్టు కాదు. నారింజ రంగు వైర్లలో పెద్ద కరెంటు ఉంటుంది, ముట్టుకోవద్దు."

పోయిన వారం ఇంకో హైబ్రిడ్ వచ్చింది. నాయన దాన్ని పంపేయలేదు. బానెట్ ముట్టకముందే మీటరు దగ్గర రెడీ లైటు చూసి, బండి ఆఫ్ చేయించి, తాళంచెవి దూరంగా పెట్టించాడు. తర్వాత చక్రాలు విప్పి సస్పెన్షన్ పని చేసిచ్చాడు. ఆ రాత్రి మేమందరం కలిసి కూర్చొని అన్నం తిన్నాం.