అంబాసిడరూ, నా ఫిజిక్సూ

మా నాన్న మంగళగిరి దగ్గర మిరప, పత్తి వేసే రైతు. మిరపకి మంచి ధర వచ్చిన ఒక ఏడు, నేను పుట్టకముందు, ఆయన పాత అంబాసిడర్ కారొకటి కొన్నాడు. మార్క్ 4, పెట్రోలుది. దాన్ని చూసి మీలో చాలామంది నవ్వుతారని తెలుసు. కానీ దాని బానెట్టు కింద ఉన్న 1489 సీసీ ఇంజనూ, 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎం.జి.ఏ. అనే స్పోర్ట్స్ కారు ఇంజనూ ఒకే వంశానివి. ఈ సంగతి చెబితే మా నాన్న మీసం దువ్వుతాడు.

పోయిన వేసవిలో ఆ వంశ గౌరవం కాజ టోల్‌గేటు దగ్గర గంగలో కలిసింది. గుంటూరులో నాయనమ్మకి కంటి ఆపరేషను చేయించి తీసుకొస్తున్నాం. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. నల్లద్దాలు పెట్టుకుని నాయనమ్మ వెనక సీట్లో ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు. నేను బి.ఎస్సీ. ఫిజిక్సు విద్యార్థిని కదా! ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోందని తేల్చేశాను. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశాను. అరగంటకి స్టార్టయింది. "చదువుకున్నోడు చదువుకున్నోడే" అంది నాయనమ్మ. నేనూ నమ్మాను.

ఆ వారంలో మరో నాలుగుసార్లు ఆగింది. ప్లగ్గులు మార్చాను, కాయిలు మార్చాను, కార్బురేటరు విప్పి కడిగాను. అన్నీ ఒకే రోజున! మూడు వేలు దాటింది. మర్నాడు మళ్ళీ ఆగింది. నాన్న ఒక్క మాట అనలేదు. పాత ఇనుము కొనేవాడిని ఆదివారం రమ్మని కబురు చేశాడు. ఆ మౌనం నాకు కొత్త కాదు. 2021-22లో మా మిరప పూత రాలిపోయినప్పుడు చూశాను.

శనివారం నాడు బెజవాడ ఆటోనగర్ నుంచి ఒక ముసలి ఎలక్ట్రీషియన్ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన వెంటనే బానెట్టు ఎత్తలేదు.

"చల్లగా ఉన్నప్పుడు పలుకుద్దా?"

"పలుకుద్దండీ."

"ఆగినాక ఎంతసేపటికి లేస్తది?"

"అరగంటకి."

"తడిగుడ్డ వెయ్యకుండా అరగంట ఊరుకుని చూశావా, అబ్బాయ్?"

చూడలేదు.

కారుని వేడెక్కి ఆగిపోయేదాకా తిప్పించాడు. డిస్ట్రిబ్యూటరు నడిమి వైరు పీకి, ఇంజను ఇనుముకి పావంగుళం ఎడంగా పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నాడు. నీలంగా చిటపటలాడవలసిన నిప్పురవ్వ పచ్చగా, దారప్పోగులా వచ్చింది. "పెట్రోలు సంగతి మర్చిపో" అన్నాడు. డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూస్తే మెరుపులన్నీ పాయింట్ల మధ్యనే! ఇంజను ఇంకా కాలుతూండగానే, మరి దేన్నీ ముట్టకుండా, కండెన్సర్ ఒక్కటే మార్చి మళ్ళీ రవ్వ చూశాడు. నీలం! ఆ తరువాతే పాయింట్లు గీకి, 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టాడు.

ఇదంతా నేను పరీక్షలో రాసిన పాఠమే. పాయింట్లు విడగానే కాయిలులో కరెంటు చటుక్కున తెగాలి. అయస్కాంత క్షేత్రం ఎంత వేగంగా పడిపోతే రెండో చుట్టలో అంత వోల్టేజి పుడుతుంది. 12 వోల్టుల బ్యాటరీ వేల వోల్టుల నిప్పురవ్వని ఇచ్చేది అలాగే. పాయింట్ల దగ్గర కరెంటు దూకకుండా ఆపేది సుమారు 0.2 మైక్రోఫారడ్ల ఆ చిన్న డబ్బా. దాని లోపలి ఇన్సులేషను వేడికి లొంగిపోయి, చల్లారితే తేరుకుంటోంది. కాజ దగ్గర కారుని లేపింది నా తడిగుడ్డ కాదు, అరగంట విశ్రాంతి.

రాత్రి అన్నాల దగ్గర నాన్న అన్నాడు: "ఆ ఏడు మనం చేసిందీ ఇదేరా."

నిజమే. ఆకుముడత అనుకుని ఒకదాని మీద ఒకటి, ఒక్కోసారి రెండు మూడు కలిపి మందులు కొట్టాం. నల్ల తామర పురుగు పూవు లోపల ఉంది. వాన పడి నాలుగు రోజులు నెమ్మదిస్తే మందు పనిచేసిందనుకుని మళ్ళీ అదే తెచ్చాం. పూవు విప్పి చూసి ఉంటే పంట దక్కేదని నేననను. మా చుట్టుపక్కల చేలలో ఎవరికీ దక్కలేదు. మందుల కొట్టు అప్పయినా తగ్గేది. అది ఇంకా తీరుస్తూనే ఉన్నాం.

ఆదివారం ఇనుము కొనేవాడు వచ్చి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఈ ఏడు మిరప పూతకొచ్చినప్పుడు నాన్నా నేనూ ఒక తెల్లకాగితం పట్టుకుని చేలోకి దిగాం. సాలుకి నాలుగు మొక్కల చొప్పున పూలు దులిపి చూశాం. ఆ రోజు మందు కొనలేదు.