బాపు ఉలి.. నా బడ్జెట్!

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని పోల్చి చూసి ఫోన్ కొనడం మన తరానికి కొట్టినపిండే. ఈమధ్య నేను అలాగే రాత్రుళ్లు కూర్చుని పోల్చి చూశా.. ఉలికి సానపట్టే మిషన్లని! నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఉలి మా బాపుది. కరీంనగర్ దగ్గర పల్లెలో ముప్పై ఐదేళ్లుగా వడ్రంగం చేస్తున్నాడు.

ఇప్పుడన్నీ ప్లైవుడ్ పనులే కదా, ఉలితో పనేంటి అనుకోవచ్చు. బాపు చేసేవి టేకు దర్వాజలు. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది. అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అందుకే ఉలి తొందరగా మొద్దుబారుతుంది. ఏ మేకో తగిలి అంచు విరిగిందంటే ఇక సానరాయి మీద గంటసేపు రుద్దాల్సిందే. బాపు కుడి భుజం ఆ రుద్దుడుకి తట్టుకోవడం లేదు. ఈ ఏడాది రెండు దర్వాజల పని వద్దని పంపించేశాడట. అమ్మ చెబితేనే నాకు తెలిసింది.

మిషన్ కొంటానంటే బాపు ఒప్పుకోలేదు. "మిషిన్ మీద పెడితే ఉలి కాలుతది బిడ్డా. మా నాయిన ఉలి అది" అన్నాడు. తాత కాలం నుంచి అరిగీ అరిగీ సగమే మిగిలిన ఉలి అది.

ఆయన భయం నిజమే. సానపట్టేటప్పుడు రాపిడికి ఉలి అంచు సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే నీలం రంగుకి తిరుగుతుంది. అంటే ఉక్కులో గట్టిదనం పోయినట్టే. ఆ నీలం భాగం మొత్తాన్నీ అరగదీసి పారేయాలి. తాత ఉలిలో పారేయడానికి అంత ఇనుము ఇంకెక్కడుంది?

మిక్సీనా.. గ్రైండరా?

నేను చూసినవాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి బెంచ్ గ్రైండర్. మోటారుకి రెండువైపులా రెండు రాళ్లుంటాయి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి దాదాపు 2,850 చుట్లు తిరుగుతుంది. ఆరంగుళాల రాయి అయితే దాని అంచు గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతున్నట్టు లెక్క.

రెండోది నీళ్లలో మునుగుతూ తిరిగే పెద్ద రాయి. స్వీడన్ కంపెనీ టార్మెక్ దీనికి పేరుమోసింది. పది అంగుళాల రాయి నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది. అంచు వేగం గంటకి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు.. మనం నడిచే వేగం! మిక్సీలో వేస్తే ఇడ్లీపిండి వేడెక్కుతుంది, గ్రైండర్‌లో అయితే చల్లగా ఉంటుంది. ఇక్కడా అంతే.

మనసు రెండోదానివైపే లాగింది. దాని ధర చూస్తే ఖరీదైన ఫోన్‌తో పోటీపడుతోంది. చెల్లి ఫీజు, ఇంటి అప్పు ఈఎంఐ పోను నా దగ్గర దీనికని మిగిలింది ఐదువేలు. వేగం తగ్గించలేకపోయినా వేడిని తగ్గించొచ్చు కదా అనిపించింది.

మూడువేల చిల్లరకి ఆరంగుళాల బెంచ్ గ్రైండర్ తీసుకున్నా. దాంతోపాటు వచ్చిన బూడిదరంగు రాయి ఒకటి తీసేసి, తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ రాయి వేయించా. దీని రేణువులు మొద్దుబారగానే రాలిపోయి కింద కొత్తవి బయటపడతాయి. అందుకే వేడి తక్కువ.

మీరూ కొనేటట్టయితే రాయి మీద రాసున్న గరిష్ఠ ఆర్‌పీఎం, మోటారు ఆర్‌పీఎం కంటే ఎక్కువుందో లేదో చూడండి. కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు రాయినీ మెల్లగా కొట్టి చూడండి. ఖంగుమనాలి. డబ్‌డబ్‌మంటే పగులుందని అర్థం, బిగించొద్దు. ఆన్ చేశాక మొదటి నిమిషం రాయికి ఎదురుగా నిలబడొద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. రవ్వలు లేస్తాయి కాబట్టి చెక్కపొట్టు దూరంగా ఉండాలి.

ఏమీ అనలేదు!

ముందుగా ఇంట్లో పడున్న ఓ తుప్పు ఉలి తీశాం. 25 డిగ్రీల వాలు చూసుకోవడానికి బాపు ఓ చెక్కముక్కని కొలతగా కోసుకున్నాడు. ఉలిని వట్టి వేళ్లతో అంచుకి దగ్గరగా పట్టుకుని, మూడు నాలుగు సెకన్లు ఆనించడం, నీళ్లలో ముంచడం. వేలికి వెచ్చగా తగలగానే ఆపేయడం. అంచు ఎక్కడా నీలం తిరగలేదు.

రాయి గుండ్రం కాబట్టి ఉలి వాలు కాస్త లోపలికి గుంటగా అరుగుతుంది. అప్పుడు దాన్ని సానరాయి మీద పెడితే గుంటకి ముందు, వెనక ఉన్న అంచులే ఆనుతాయి. రుద్దాల్సిన ఇనుము బాగా తగ్గిపోతుంది. పదీ పదిహేను రుద్దులకే ఉలి వెనకవైపు వేలికి సన్నటి గరుకు తగిలింది. పదును చివరిదాకా వచ్చిందనడానికి అదే గుర్తు. ఆ గరుకు తీసేసి, బాపు ముంజేతి మీది వెంట్రుకలకి ఉలి ఆనించి చూశాడు. ఏమీ అనలేదు. లోపలికెళ్లి తాత ఉలి తెచ్చాడు.

ఇప్పుడు అంచు విరిగితేనో, గుంట పూడిపోతేనో మిషన్. రోజూ పదునుకి మాత్రం పాత సానరాయే, రెండు నిమిషాలు. పోయిన వారం ఫోన్‌లో అమ్మ చెప్పింది.. బాపు దర్వాజకి బయానా తీసుకున్నాడట!