షడ్జమంతో తొలి పరిచయం

సంగీతం నేర్వగోరి వచ్చే విద్యార్థి మొదటినాడే పాట కావాలంటాడు. తెలుగు పాఠాలు ముగిసిన తీరిక వేళ మేము హార్మోనియం తెరచి, ఒక్క షడ్జమాన్నే అడుగుతాము. షేక్ చినమౌలానా (1924–1999) అంతటి నాదస్వర విద్వాంసునికైనా అదే ఆధారం. సాధారణంగా పురుషులకు ఒకటి, స్త్రీలకు ఐదు శ్రుతి ఒదుగుతాయంటారు గాని, ఎవరి షడ్జమం వారిదే. మనవాళ్లు సినిమా గాయకుని శ్రుతిని అరువు తెచ్చుకొని మెడనరాలు ఉబ్బేలా అరుస్తారు!

ఈ ఏడు వచ్చిన కుర్రవానికి పదిహేనేండ్లు. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై దళసరెక్కే ఆ వయస్సులో గొంతు తడబడడం ప్రకృతిధర్మం. "నీ గొంతు పోయింది, ఇక పాడకు" అని ఎవరో అన్నారట. అది నమ్మి ఏడాదిగా నోరు విప్పలేదు. ఇంతకంటె క్రూరమైన మాట పిల్లవానితో అనగలమా?

భుజాలు లేపక, పొట్ట నిండా గాలి పీల్చి మెల్లగా విడువమన్నాము. శ్రుతిని మెట్టు మెట్టుగా దించాము. నాలుగుసార్లు జీర వచ్చింది. అయిదవసారి అతని "సా" హార్మోనియం నాదంలో కలిసి, రెండూ వేరుగా వినిపించలేదు. ఉలిక్కిపడి ఆపివేశాడు.

"నేనేనా సార్?"

మళ్లీ పాడమన్నాము. పురందరదాసు ఏర్పరచినవని ప్రసిద్ధమైన మాయామాళవగౌళ సరళీవరుసలు మరునాటికి ఉంచాము.