హెస్ట్‌మాండెన్ ఓడలో ఒక పూట

నార్వే దేశపు దక్షిణ తీరంలో క్రిస్టియాన్‌సాండ్ అనే రేవుపట్టణం ఉంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు కోట చూస్తారు, చేపల బజారు చూస్తారు. నేను ఒక పూటంతా పాత సరుకుల ఓడమీదే గడిపాను. పేరు హెస్ట్‌మాండెన్. ఆర్కిటిక్ వృత్తం దగ్గర సముద్రంలో నిలిచిన ఒక కొండ పేరది. గుర్రపు రౌతు అని అర్థం.

బెర్గెన్ పక్కన లాక్సెవోగ్‌లో 1911లో కట్టారు. అరవై మీటర్ల పొడవుంటుందేమో, చిన్న ఓడే. ఇనుప నిచ్చెనమీద వీపు తిప్పుకుని దిగితే ఇంజన్ గది. ఆవిరి ముందు చిన్న సిలిండరులో పనిచేసి, బలం తగ్గాక మధ్యదానిలోకి, చివరికి అన్నిటికన్నా పెద్దదానిలోకి పోతుంది. వాడిన ఆవిరిని చల్లార్చి, ఆ నీళ్ళే మళ్ళీ బాయిలరుకు పంపేవారు. చుట్టూ సముద్రమే ఉన్నా ఆ నీళ్ళు పోస్తే బాయిలరు లోపల ఉప్పు పేరుకుంటుంది మరి!

యంత్రం అందంగానే ఉంది. నా కళ్ళు మాత్రం కొలిమి తలుపుల దగ్గరే ఆగిపోయాయి. ఆ కాలపు ఓడల్లో బొగ్గు తోసేవాడు ఫైర్‌మన్. కొట్లలోంచి అతనికి బొగ్గు చేరవేసేవాడు ట్రిమ్మర్. ఒకే పక్క కొట్టు ఖాళీ చేస్తే ఓడ ఒరుగుతుంది కనుక, రెండు పక్కలా సమంగా తవ్వాలి. బూడిద ఎత్తిపోయడమూ వాళ్ళ పనే. గోపాల్‌పూర్ నుంచో కాకినాడ నుంచో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళిన పెద్దలు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళ కాళ్ళకింద, డెక్కు అడుగునా ఇదే పని జరిగేది.

ఈ ఓడ రెండు ప్రపంచయుద్ధాలూ దాటింది. మొదటిదానిలో నార్వే తటస్థ దేశమే, అయినా రెండువేలమంది దాకా నావికుల్ని పోగొట్టుకుంది. రెండోదానిలో వెయ్యికి దగ్గరగా ఓడలు మిత్రపక్షానికి పనిచేస్తే సుమారు సగం మునిగాయి. బృందంగా సాగేటప్పుడు పొగ కనబడకూడదు. కనబడితే సబ్‌మెరీన్‌కు ఆచూకీ చెప్పినట్టే. ఆ భారమూ కొలిమి దగ్గరివాడిదే.

ఇప్పుడిది యుద్ధకాలపు నావికుల మ్యూజియం. నన్ను కదిలించింది జీతాల కథ. బ్రిటిష్ నావికులకు అసంతృప్తి కలుగుతుందని 1940లో నార్వే నావికుల యుద్ధభత్యం తగ్గించి, ఆ తేడాను రహస్య నిధిలో వేశారు. యుద్ధం ముగిశాక అడిగితే ఇవ్వలేదు. కోర్టుకెళ్ళారు, 1954లో ఓడిపోయారు. చివరికి 1972లో పార్లమెంటు దయతో ఇచ్చినట్టుగా, సముద్రంమీద గడిపిన నెలకు 180 క్రోనర్ల చొప్పున మంజూరు చేసింది. అప్పటికి ఎంతోమంది భార్యలు వితంతువులు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2013లో.