కనుమనాటి కడుపుమంట

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థం చూసి తీరాలి. ఏకాదశ రుద్రులు ప్రభలపై తరలివస్తారు. గంగలకుర్రు ప్రభలను భుజాలపై మోస్తూ కౌశిక దాటిస్తారు. ప్రభల వెంట నడిచినంతసేపూ ఏ చిక్కూ లేదు. చిక్కంతా చుట్టాలింట్లోనే! కనుమనాడు మినుము తినాలంటూ గారెలు, ఆపైన నేతి అరిసెలు, "ఇంకొక్కటి బాబూ" అనే అత్తయ్యగారు.

నూనె, నెయ్యి వంటకాలు జీర్ణకోశంలో ఎక్కువసేపు నిలుస్తాయి. అందుచేత రెండు గారెలతో ఆపండి. రాత్రి భోజనం తేలికగా, పడకకు మూడు గంటల ముందే ముగించండి.

గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి ఉంటే మాత్రం అజీర్తి అనుకొని సోడా తాగి కూర్చోకండి. అలా తెల్లవార్లూ ఓర్చుకొని ఆలస్యంగా వచ్చినవారిని చూశాను. వెంటనే 108కి ఫోన్ చేయండి. తీర్థం వచ్చే ఏడూ జరుగుతుంది, చూడటానికి మీరుండాలి.